పోపు పిలిస్తే కదిలిన సైన్యం

అందరికీ నమస్కారం.

క్రూసేడ్లు, అంటే పోపు పిలుపుతో క్రైస్తవులు చేసిన దండయాత్రలు, అనగానే మనకు జెరూసలేం గుర్తుకొస్తుంది. ఈ సాయంత్రం నేను చెప్పబోయే నాలుగో క్రూసేడ్‌లో ప్రధాన సైన్యం ఆ దరిదాపులకు కూడా పోలేదు. క్రైస్తవులు క్రైస్తవుల నగరమైన కాన్‌స్టాంటినోపుల్‌నే కొల్లగొట్టారు.

1198లో మూడవ ఇన్నొసెంట్ పోపు అయ్యేనాటికి ఆయనకు నలభై కూడా నిండలేదు. పోపు అధికారం సూర్యుడైతే, రాజుల అధికారం ఆ వెలుగుతో బతికే చంద్రుడని నమ్మినవాడు. అది వట్టి మాట కాదు. తర్వాతి కాలంలో ఇంగ్లండు రాజు జాన్ ఎదురు తిరిగితే ఆ దేశంలో పూజలు ఆపించాడు. 1213లో జాన్ రాజ్యాన్నే ఆయనకు సమర్పించి, సామంతుడిగా తిరిగి పుచ్చుకున్నాడు. అంతటివాడు, గద్దెనెక్కిన ఏడాదే క్రూసేడ్‌కు పిలుపునిచ్చాడు.

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు కదా. పిలుపు అందుకున్న ఫ్రెంచి ప్రభువులు 1201లో వెనిస్‌తో బేరం కుదుర్చుకున్నారు. 33,500 మందినీ, 4,500 గుర్రాలనూ సముద్రం దాటించాలి. అందుకు 85,000 మార్కుల వెండి (మార్కు అప్పటి తూకం). వెనిస్ మాట ప్రకారం ఓడలు కట్టింది. తీరా 1202లో చూస్తే వచ్చింది మూడో వంతు మందే. ప్రభువులు తమ వెండి గిన్నెలు సైతం తెచ్చి ఇచ్చారు. అయినా 34,000 మార్కులు బాకీ.

తర్వాత జరిగిందంతా ఈ బాకీలోంచే పుట్టిందని నేననుకుంటాను. వెనిస్ ఏలిక ఎన్రికో దండోలో, చూపు లేని ముదుసలి, ఒక ఉపాయం చెప్పాడు: మాకు ఎదురు తిరిగిన జారా పట్టణాన్ని పట్టి ఇవ్వండి, బాకీకి గడువిస్తాం. జారా క్రైస్తవుల ఊరు. దానికి అండగా ఉన్న హంగరీ రాజు స్వయంగా క్రూసేడ్ దీక్ష పట్టినవాడు. ఆ పని చేస్తే వెలి వేస్తానని పోపు ఉత్తరం రాశాడు. మేమూ మీవాళ్లమేనని ఊరివాళ్లు గోడలకు శిలువలు వేలాడదీశారు. ఉత్తరం ఆపలేదు, శిలువలూ ఆపలేదు.

అంతలో, కాన్‌స్టాంటినోపుల్ రాజధానిగా ఉన్న గ్రీకు క్రైస్తవ సామ్రాజ్యం బైజాంటైన్‌లో గద్దె పోయిన చక్రవర్తి కొడుకు అలెక్సియోస్ కబురు పెట్టాడు. మా నాన్నను మళ్లీ కూర్చోబెడితే 2,00,000 మార్కులిస్తాను, గ్రీకు చర్చిని రోమ్‌కు, అంటే పోపుకు, లోబరుస్తాను అని. 1203లో గద్దె దక్కింది, సొమ్ము మాత్రం పూర్తిగా చేతికి రాలేదు. తర్వాత అతణ్ణి సొంత దర్బారువాళ్లే చంపారు. 1204 ఏప్రిల్లో కాన్‌స్టాంటినోపుల్ మీద చివరి దాడికి ముందు శిబిరంలోని మతగురువులు, రోమ్ మాట వినని గ్రీకులతో పోరు పాపం కాదని సైనికులకు బోధించారు. పోపు వద్దన్న పనికి పోపు పేరే ఆసరా అయింది.

మూడు రోజులు దోచుకున్నారు. ఆ ఊళ్లోనే ఉన్న గ్రీకు చరిత్రకారుడు నికెటాస్ కోనియాటెస్ రాసిపెట్టాడు: అక్కడి పెద్ద చర్చి హేజియా సోఫియాలో బలిపీఠాన్ని ముక్కలు చేసి పంచుకున్నారు. సొత్తు మోయడానికి కంచరగాడిదల్ని లోపలికి తోలారు. నున్నటి రాతినేల మీద కాళ్లు జారి పడ్డవాటిని అక్కడే పొడిచారు.

గెలుపు కబురు విని పోపు మొదట సంతోషించాడు. సంగతులన్నీ తెలిశాక, క్రైస్తవుల నెత్తురోడే కత్తులను చూసిన గ్రీకులు ఇక రోమ్ దగ్గరికి ఎలా వస్తారని తన దూతను నిలదీశాడు. అయినా అక్కడ వెలసిన లాటిన్ చర్చిని, అంటే రోమ్‌కు లోబడిన చర్చిని, వద్దనలేదు. దోపిడీ కన్నా ఇదే నన్ను ఎక్కువ బాధపెడుతుంది.

2001 మేలో పోపు రెండో జాన్ పాల్ ఏథెన్స్ వెళ్లాడు. గ్రీకు ఆర్చిబిషప్ ఎదుట కాన్‌స్టాంటినోపుల్ దోపిడీని పేరు పెట్టి చెప్పి, దేవుణ్ణి క్షమాపణ వేడుకున్నాడు. ఆర్చిబిషప్ చప్పట్లు కొట్టాడు. అప్పటికి 797 ఏళ్లు గడిచాయి.