లడ్లో స్థూపం, దాని కింది నేల

శ్రోతలకు నమస్కారం.

ఏప్రిల్ 20 అనగానే మన ఉత్తర తెలంగాణలో ఇంద్రవెల్లి గుర్తుకు వస్తుంది. 1981లో ఆ రోజున, భూమి హక్కుల కోసం సభకు తరలివచ్చిన గోండులపై పోలీసులు కాల్పులు జరిపారు. అంతకు 67 ఏళ్ల ముందు, సరిగ్గా అదే తేదీన, అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో లడ్లో అనే చోట సమ్మె చేస్తున్న బొగ్గుగని కార్మికుల గుడారాలను సైనికులు తగలబెట్టారు.

ఆ సమ్మె 1913 సెప్టెంబరులో మొదలైంది. ఎనిమిది గంటల పనిదినం, కంపెనీ దుకాణంలోనే సరుకులు కొనాలనే నిర్బంధం నుంచి విముక్తి వారి కోరికల్లో ఉన్నా, అసలు పట్టు తమ కార్మిక సంఘాన్ని గుర్తించాలన్నదే. బొగ్గు తూచే కాటా దగ్గర తమ మనిషి ఉండాలనీ వారు కోరారు. టన్నుల లెక్కన కూలి ఇస్తూ కాటాను కంపెనీ తన చేతిలో ఉంచుకుంటే ఏమవుతుందో, టబ్బుల లెక్కన బొగ్గు నింపిన మన సింగరేణి పాత కార్మికులకు ఒకరు చెప్పవలసిన పని లేదు. పైకప్పు కూలకుండా కర్రలు నిలబెట్టే పనికైతే అక్కడ కూలే లేదు.

సమ్మెకు దిగినవారిని కంపెనీ ఇండ్లలోంచి వెళ్లగొట్టగా, సంఘం వేయించిన గుడారాల్లో సుమారు 1,200 మంది చలికాలమంతా గడిపారు. తూటాలకు భయపడి గుడారాల అడుగున గుంతలు తవ్వుకున్నారు. దాడి రోజున అటువంటి ఒక గుంతలో దాక్కున్న ఇద్దరు స్త్రీలు, పదకొండు మంది పిల్లలు, పైన గుడారం కాలుతుండగా ఊపిరాడక చనిపోయారు. శిబిరం నాయకుడు లూయీ టికాస్‌ను సైనికులు కాల్చి చంపారు.

1914 డిసెంబరులో సమ్మె ఓటమితో ముగిసింది. అయినా సంఘం ఆ నేలను కొని, 1918లో అక్కడ గ్రానైటు స్థూపం నిలిపింది. దానిపై ఒక గని కార్మికుడు, బిడ్డను ఎత్తుకున్న ఒక తల్లి కనిపిస్తారు. నా దృష్టిలో స్థూపం కంటే పక్కనున్నదే ముఖ్యమైనది: ఆ గుంతను పూడ్చకుండా, గోడలకు కాంక్రీటు వేసి, పైన ఇనుప తలుపు అమర్చారు, చూడదలచినవారు మెట్లు దిగి లోపలికి వెళ్లవచ్చు.

2003లో ఎవరో ఆ విగ్రహాల తలలు విరగ్గొట్టగా, 2005 నాటికి సంఘం బాగుచేయించింది. ఇంద్రవెల్లి స్థూపాన్నీ 1986లో పేల్చివేశారు, మళ్లీ కట్టారు. అయితే ఇక్కడ చాలా ఏళ్లపాటు ఏప్రిల్ 20 వచ్చిందంటే 144వ సెక్షను, పోలీసు పహారా తప్పలేదు. లడ్లోలో నేల సంఘం పేరిటే ఉంది. ఏటా అక్కడి కార్మికులు తమ నేల మీదే సంస్మరణ సభ జరుపుకొంటున్నారు.