నివారణకు చెల్లించేది ఎవరు?

శ్రోతలకు నమస్కారం. ఆరోగ్య సంస్కరణలు అనగానే మనకు బీమా, ఆసుపత్రి పడకలు, మందుల ధరలు గుర్తుకు వస్తాయి. అవన్నీ ముఖ్యమే. అయితే ఈ కొద్ది నిమిషాల్లో నేను ఒక్క ప్రశ్నకే పరిమితమవుతాను. జబ్బు రాకుండా చూసే పనికి డబ్బు ఎవరు చెల్లించాలి?

అమెరికాలో 27 కేంద్రాల్లో ఒక పరిశోధన జరిగింది. రక్తంలో చక్కెర ఉండవలసిన దానికంటే ఎక్కువై, ఇంకా మధుమేహం దాకా రాని 3,234 మంది అందులో చేరారు. కొందరికి మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్ మాత్ర ఇచ్చారు, కొందరికి మందులేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. మూడో జట్టుకు మాత్రం రెండే లక్ష్యాలు పెట్టారు: బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాలు చురుకుగా నడవడం లేదా అంతటి వ్యాయామం చేయడం. 90 కిలోల మనిషి తగ్గవలసింది ఆరు కిలోల పైచిలుకు, అంతే.

నన్ను అన్నిటికంటే ఆకట్టుకున్నది ఆ లక్ష్యాలు కాదు, వాటి వెనుక నిలబడిన మనిషి. ఈ జట్టులో ప్రతి ఒక్కరికీ ఒక శిక్షకుణ్ణి కేటాయించి, మొదటి 24 వారాల్లో 16 పాఠాలు ముఖాముఖిగా చెప్పించారు. తిన్నది రాసుకోవడం, క్రమం తప్పకుండా బరువు చూసుకోవడం, లక్ష్యం అందకపోతే అడ్డు ఎక్కడ వచ్చిందో కూర్చుని మాట్లాడుకోవడం, ఇదే వైద్యం. ఫలితం ఎంత స్పష్టంగా కనిపించిందంటే, 2001లో పరిశోధనను ఏడాది ముందే ఆపివేశారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారితో పోలిస్తే, మెట్‌ఫార్మిన్ మధుమేహం రావడాన్ని 31 శాతం తగ్గించగా, శిక్షకుడి సాయంతో మారిన జీవనశైలి 58 శాతం తగ్గించింది. అరవై దాటినవారిలో అది 71 శాతం.

ఇంత తెలిసిన తరువాత ఏం జరిగింది? అరవై అయిదు దాటినవారికి ప్రభుత్వం నడిపే బీమా అయిన మెడికేర్, ఈ పాఠాలకు డబ్బు చెల్లించడం మొదలుపెట్టింది 2018 ఏప్రిల్‌లో. మూత్రపిండాలు పూర్తిగా చెడిపోయినవారి డయాలసిస్ ఖర్చును అదే మెడికేర్ 1973 నుంచి భరిస్తోంది. భరించవలసిందే, అందులో తప్పు లేదు. కానీ ఆ దేశంలో మూత్రపిండాలు చెడిపోవడానికి మొదటి కారణం మధుమేహమే. చివరి మెట్టు మీద చెల్లింపు అంత ముందుగా వచ్చి, మొదటి మెట్టు మీద ఇంత ఆలస్యం కావడం నాకు బాధ కలిగిస్తుంది. సంస్కరణ అంటే ముందుగా ఈ వరుసను సరిచేయడమేనని నా నమ్మకం.

చెల్లింపు మొదలైనా చేరినవారు తక్కువే. నేర్పే కేంద్రాలు చాలినన్ని లేకపోవడం ఒక కారణం. తమకు మధుమేహానికి ముందుండే ఈ దశ ఉందని అక్కడ పదిమందిలో ఎనిమిది మందికి తెలియనే తెలియకపోవడం మరో కారణం. ఈ దశలో సాధారణంగా ఏ బాధా తెలియదు, పరీక్ష ఒక్కటే చెబుతుంది.

కనుక ఈసారి రక్తపరీక్ష చేయించుకున్నప్పుడు "ఫరవాలేదు" అన్న మాటతో తృప్తిపడక, గత రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే హెచ్‌బీఏ1సీ అంకె ఎంతో అడిగి తెలుసుకోండి. అమెరికా ప్రమాణం ప్రకారం 5.7 నుంచి 6.4 శాతం దాకా ఉంటే అది ముందు దశ. మీ అంకె ఆ మధ్యలో ఉంటే, మందు సంగతితో పాటు, మీ బరువునూ నడకనూ వారం వారం కనిపెట్టి చూసే మనిషిని ఎవరిని ఏర్పాటు చేయగలరని కూడా మీ వైద్యుణ్ణి అడగండి.