గడ్డి పీకే ముందు చూడండి: నల్లజాతివారి పాత శ్మశానాల్లో సేవాదినం

(స్టూడియో చర్చ నుంచి)

యాంకర్: నమస్కారం. జనవరి మూడో సోమవారం మార్టిన్ లూథర్ కింగ్ డే. 1994 చట్టంతో అది సేవాదినం కూడా అయింది. అమెరికాలోని వర్జీనియాలో ఆ రోజు నల్లజాతివారి పాత శ్మశానాలకు జనం కత్తెరలు, చెత్త సంచులు పట్టుకుని వస్తారు. బడికి చూపాల్సిన సర్వీస్ గంటల కోసం వచ్చే మన తెలుగు పిల్లలూ అందులో ఉంటారు. సార్, ముందు ఇది చెప్పండి. ఇవి అడవుల్లా ఎందుకు తయారయ్యాయి?

పురావస్తు నిపుణుడు: డబ్బు లేక, మనుషులు లేక. సెగ్రిగేషన్ రోజుల్లో, అంటే చట్టం నల్లవారిని వేరుగా ఉంచిన కాలంలో, వీటిని కుటుంబాలు, చర్చిలు, లాడ్జిలనే పరస్పర సహాయ సంఘాలే చూసుకునేవి. పిల్లలు పని కోసం ఉత్తరాది నగరాలకు వెళ్లిపోయాక పట్టించుకునేవాళ్లు కరువయ్యారు. అంతర్యుద్ధంలో బానిసత్వాన్ని నిలబెట్టాలని పోరాడిన కాన్ఫెడరేట్ సైనికుల సమాధులకు వర్జీనియా దశాబ్దాలపాటు నిధులిచ్చింది. రిచ్‌మండ్‌లోని ఎవర్‌గ్రీన్, ఈస్ట్ ఎండ్ శ్మశానాలకు అలాంటి సాయం కోసం చట్టం వచ్చింది 2017లో! 1903లో బ్యాంకు తెరిచిన నల్లజాతి మహిళ మ్యాగీ వాకర్ సమాధి ఉన్నది ఆ ఎవర్‌గ్రీన్‌లోనే.

యాంకర్: సరే, పొద్దున్నే ముప్పై మంది వచ్చారు. పని ఎక్కడ మొదలుపెట్టాలి?

పురావస్తు నిపుణుడు: ఏదీ ముట్టుకోకుండా నడవడంతో. రాయి లేని చోట సమాధి లేదనుకోవడమే అసలు తప్పు. రాయి కొనే స్తోమత లేనివాళ్లు కత్తుల్లాంటి ఆకులుండే యక్కా మొక్క నాటేవారు, లేదా నీలిపూల పెరివింకిల్ తీగ వేసేవారు. సమాధి మీద సముద్రపు గవ్వలు, చనిపోయినవాళ్లు వాడిన కప్పు, సాసరు, సీసా పెట్టేవారు. వాలంటీర్లకు అదంతా చెత్తలా కనిపిస్తుంది. సాయంత్రానికి సంచుల్లో మూటకట్టి పంపేస్తారు. శ్మశానం శుభ్రంగానే ఉంటుంది, కానీ అక్కడ ఎవరో ఉన్నారన్న ఒక్క ఆధారమూ పోతుంది.

యాంకర్: మరి ఎలా గుర్తించాలి?

పురావస్తు నిపుణుడు: సుమారు ఆరడుగుల పొడవున, తూర్పు పడమరలుగా కుంగిన నేల కోసం చూడండి. తల పడమర వైపు పెట్టి పాతిపెట్టడం అక్కడి ఆనవాయితీ. చలికాలంలో ఆకు రాలి ఉంటుంది కాబట్టి ఆ గుంటలు బాగా తెలుస్తాయి. దొరికిన ప్రతిదాని దగ్గరా ఇనుప తీగకు కట్టిన చిన్న జెండా గుచ్చండి. పక్కన కొలబద్ద పెట్టి, ఉత్తర దిక్కు గుర్తు కనిపించేలా ఫొటో తీయండి. వస్తువును మాత్రం కదపొద్దు.

యాంకర్: రాడార్ ఉంది కదా సార్?

పురావస్తు నిపుణుడు: ఉంది. ఫ్లోరిడాలో ట్యాంపాలోని జయాన్ శ్మశానం మీద ఇళ్లు, గోదాములు కట్టేశారు. 2019లో నేలలోకి చూసే రాడార్ అక్కడ 120కి పైగా శవపేటికల జాడ పట్టింది. కానీ ఆ యంత్రం ఎముకల్ని చూపించదు, తవ్వి పూడ్చిన మట్టి తేడాను చూపిస్తుంది. బంకమట్టి నేలల్లో దాని తరంగాలు లోతుకు పోవు. వర్జీనియాలో బంకమట్టికి కొదవ లేదు, కాబట్టి ముందు కళ్లే నమ్ముకోవాలి.

యాంకర్: మేడమ్, పిల్లలకు బ్రష్షు చేతికిస్తేనే హుషారు...

రాతి సంరక్షకురాలు: జనవరిలో ఇవ్వకండి. రాతి రంధ్రాల్లోకి దిగిన నీరు రాత్రి గడ్డకట్టి ఉబ్బుతుంది, పైపొర పెచ్చులుగా ఊడుతుంది. కడగడం ఏప్రిల్‌లో పెట్టుకోండి. అప్పుడు కూడా ముందు వేలితో మెల్లగా తట్టండి. డొల్ల శబ్దం వస్తే ఆ రాయిని వదిలేయండి. గట్టిగా ఉంటే బాగా తడిపి, నైలాన్ బ్రష్షుతో కింది నుంచి పైకి రుద్దండి. పై నుంచి మొదలుపెడితే మురికి నీరు పొడి రాతి మీదకు కారి చారలు పడతాయి. నాచు మొండికేస్తే, రాతి మీది నాచును చంపే డీ-2 ద్రావణం చాలు.

యాంకర్: బ్లీచ్ వాడితే తళతళలాడుతుందిగా?

రాతి సంరక్షకురాలు: ఆ రోజుకి, అవును! దాని లవణాలు లోపలే ఉండిపోయి, ఆరినప్పుడల్లా స్ఫటికాలుగా పెరిగి రేణువుల్ని విడగొడతాయి. కొన్నేళ్లకు పాలరాయి పంచదారలా రాలుతుంది. ప్రెషర్ వాషరూ వద్దు. ఇంట్లో పోసిన సిమెంటు పలకలుంటాయి, తడి ఆరకముందే పుల్లతో పేరు గీసినవి. ఒక్క జెట్టు చాలు, ఆ అక్షరాలు పోతాయి. నా దృష్టిలో కొనుక్కొచ్చిన పాలరాయి కన్నా అవే విలువైనవి. పేరు చదవాలంటే సుద్దలు, పిండి పూయకండి. అద్దంతో ఎండను పక్క నుంచి ఏటవాలుగా పడేలా మళ్లించండి.

యాంకర్: పడిపోయిన రాళ్లు?

రాతి సంరక్షకురాలు: మూడడుగుల ఎత్తు, అడుగున్నర వెడల్పు, మూడంగుళాల మందం ఉన్న పాలరాయి దాదాపు 85 కిలోలు తూగుతుంది. పిల్లలతో ఎత్తించే పని కాదు. సిమెంటులో పాతేయడం అంతకన్నా ఘోరం. సిమెంటు రాతికన్నా గట్టిది, కదలిక వస్తే విరిగేది రాయే. ఐవీ తీగనూ రాతి మీంచి లాగొద్దు, మొదలు దగ్గర కోసి వదిలేయండి. ఎండాక దానంతటదే పట్టు విడుస్తుంది.

పురావస్తు నిపుణుడు: చెట్లకూ అదే మాట. నేలమట్టంగా కోయండి గానీ వేళ్లు పెకిలించొద్దు. వేళ్లతో పాటు సమాధే లేచి వస్తుంది.

యాంకర్: పేర్లే దొరకని సమాధుల సంగతి?

పురావస్తు నిపుణుడు: వర్జీనియాలో మరణ ధ్రువపత్రాలు 1912 నుంచి వరుసగా ఉన్నాయి, ఖననం ఎక్కడన్నది వాటిలో రాసేవారు. జాన్ మిచెల్ నడిపిన నల్లజాతివారి పత్రిక ‘రిచ్‌మండ్ ప్లానెట్’ పాత సంచికలు ఆన్‌లైన్‌లో ఉన్నాయి, వాటిలో మరణవార్తలు వెతకండి. అంత్యక్రియలు జరిపించే సంస్థల పాత లెడ్జర్లూ అడగండి. తయారైన పటం రాష్ట్ర చారిత్రక వనరుల శాఖకు తప్పక ఇవ్వండి. రికార్డులో లేని శ్మశానం బిల్డరుకు ఖాళీ స్థలమే.

యాంకర్: అది ప్రైవేటు భూమిలో ఉంటే?

పురావస్తు నిపుణుడు: సమాధి చూసుకోవడానికి వారసులు వెళ్లే హక్కు వర్జీనియా చట్టంలో ఉంది. అయితే వాలంటీర్లను తీసుకెళ్లేటప్పుడు యజమాని అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. ఏం కోస్తారో, ఏం ముట్టుకోరో అందులోనే రాయించండి.