పరిగె: ఇక్కడ పగిలిన టమాటా, అక్కడ పారబోసిన ఆలుగడ్డ

[దృశ్యం: హైదరాబాద్‌లోని బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్, ఇంకా చీకటి. ట్రేల చప్పుడు వినిపించాలి, మ్యూజిక్ వద్దు.]

వాయిస్: ఆ మూల చూడండి. పారబోసిన టమాటా కుప్ప ముందు ఒకామె గొంతుక్కూర్చుంది. ఒక్కోటీ తీసి బొటనవేలితో నొక్కుతోంది. వేలు దిగితే పక్కకు, దిగకపోతే సంచిలోకి. పగిలినవీ వేసుకుంటోంది.

"పగిలితే ఏంది బిడ్డా, పప్పుల వేస్తే ఎవ్వలకు ఎరుక?"

ఈ పనికి మనకు పాత మాట ఉంది: పరిగె. వరి కోసి మోపులు ఎత్తాక మడిలో రాలిన వెన్నులు ఏరుకోవడం. పొలంలో చేస్తే పరిగె. సిటీలో చేస్తే 'ఏరుకుతినడం'. పని ఒకటే, రెండోది మాత్రం తిట్టు.

[దృశ్యం: బల్ల మీద ఆలుగడ్డలు. ఎడిటర్‌కు: సినిమా క్లిప్పులు వాడొద్దు, కాపీరైట్ టెన్షన్ మనకెందుకు.]

వాయిస్: ఫ్రాన్స్‌లో ఆన్యెస్ వార్దా అనే దర్శకురాలు 2000లో ఈ పరిగె మీదే డాక్యుమెంటరీ తీసింది. పేరు 'లే గ్లానర్ ఎ లా గ్లానజ్'. అంటే పరిగె ఏరేవాళ్ళు, పరిగె ఏరే ఆడమనిషి. ఆ ఆడమనిషి తనే. అప్పటికి డెబ్బై దాటింది. చేతిలో చిన్న డిజిటల్ కెమెరా, దాంతో దృశ్యాలు ఏరుకుంటూ తిరిగింది.

1857లో మిలే అనే ఫ్రెంచ్ చిత్రకారుడు వేసిన బొమ్మలో ముగ్గురు ఆడవాళ్ళు నడుం వంచి వెన్నులు ఏరుతుంటారు. వార్దా సినిమా అక్కడ మొదలై ఆలుగడ్డల దగ్గరికొస్తుంది. మరీ పెద్దవి, మరీ చిన్నవి, వంకరవి షాపులు కొనవని లారీలకు లారీలు పొలంలో పారబోస్తారు. ఆ కుప్పలో ఆమెకు గుండె ఆకారంలో ఉన్న గడ్డలు దొరికాయి. ఇంటికి తెచ్చుకుని, అవి ముడతలు పడి మొలకలేస్తుంటే కూడా షూట్ చేసింది.

సినిమాలో ఒక లాయర్ నల్లకోటుతో పొలంలో నిలబడి చట్టం చదువుతాడు: కోత అయిపోయాక పొద్దు పొడిచింది మొదలు పొద్దు కుంకేదాకా ఏరుకోవచ్చు. నాకు బాగా పట్టేసిన మనిషి మాత్రం ఇంకొకాయన. పారిస్ సంతలో మిగిలిన ఆకుకూర అక్కడికక్కడే నములుతుంటాడు. చదివింది బయాలజీలో మాస్టర్స్! రాత్రిళ్ళు వలస వచ్చినవాళ్ళకు ఉచితంగా చదువు చెప్తాడు. ఇలాంటివాడిని మనం ఏమని పిలుస్తాం?

[దృశ్యం: మార్కెట్‌లోని బయోగ్యాస్ ప్లాంటు.]

వాయిస్: మళ్ళీ బోయిన్‌పల్లి. ఇక్కడ రోజుకు సుమారు 10 టన్నుల చెత్త వస్తుందని, దాంతో 500 యూనిట్ల దాకా కరెంటు తీస్తున్నారని 2021 జనవరి 'మన్ కీ బాత్'లో ప్రధాని చెప్పారు. మంచి పనే, కాదనను. కాకపోతే మిషన్‌లో పడేముందు ఏరుకునేవాళ్ళకు ఒక గంట వదలాలి. మడిలో రైతు వదిలినట్టు.

[దృశ్యం: చెత్త ట్రాక్టర్ రివర్స్ తీసుకుంటోంది.]

వాయిస్: ఆమె లేచింది. సంచి మూతి ముడేసింది. రెండడుగులు వేసి, మళ్ళీ వంగి నాలుగు పచ్చిమిరపకాయలు ఏరి కొంగున కట్టుకుంది.