ఆ తిట్లు కూడా చెప్పరా!

అధ్యక్షులు గారికి, కార్యదర్శి గారికి, ముందు వరసలో ఉన్న పెద్దలకి, వెనక వరసలో అప్పుడే నవ్వడం మొదలుపెట్టిన కుర్రాళ్లకి నమస్కారం. కార్డులో నా ప్రసంగం పేరు 'సినిమాలో భయానక రసం' అని వేశారు. నేను చెప్పిన పేరు అది కాదు. బూతు, నవ్వు, దయ్యం మూడూ కలిపి వండిన ఆంథాలజీ సినిమాల గురించి మాట్లాడతానన్నాను. 'బూతు' అన్న మాట కార్డు మీద బాగుండదన్నారు. సరే, కార్డు మీద లేకపోతే మానె, పావుగంట టైమిచ్చారు కదా.

ఆంథాలజీ అంటే ఒకే సినిమాలో నాలుగైదు చిన్న కథలు, వాటిని గుచ్చే దారం ఒకటి. శవాన్ని భుజాన వేసుకున్న రాజుకి బేతాళుడు చెప్పినట్టు. పరాయి మగాడి దగ్గరికి బయల్దేరిన ఇల్లాలికి రాత్రికో కథ చెప్పి హంస ఆపినట్టు. హంసవింశతి చదివినవాళ్లు ఇక్కడ ఎంతమంది? చేతులెత్తనక్కర్లేదు, మొహాలు చూస్తే తెలుస్తోంది.

1980ల చివర్లో తెనాలిలో మాకు వీడియో క్యాసెట్ల షాపుండేది. పెళ్లిళ్లకీ పండగలకీ వీసీఆర్, కలర్ టీవీ కలిపి రాత్రికి అద్దెకిచ్చేవాళ్లం. ఆంథాలజీ గొప్పతనం నాకు మొదట తెలిసింది సినిమా పుస్తకాల్లో కాదు, ఎండాకాలం కరెంటు కోతల్లో. మామూలు దయ్యం సినిమా మధ్యలో కరెంటు పోతే మొత్తం భయం పోతుంది. మళ్లీ వచ్చేసరికి సగంమంది నిద్రలో ఉంటారు. ఐదు కథల సినిమా అయితే పోయేది ఒక్క కథే. ఆ కథ బాగా లేకపోయినా అంతే, ఇంకో ఇరవై నిమిషాలు ఓపిక పడితే కొత్తది మొదలవుతుంది.

అలా మా డాబా మీద ఒక రాత్రి 'క్రీప్‌షో' వేశాం. 1982 నాటి సినిమా. జార్జ్ రొమేరో తీశాడు, స్టీఫెన్ కింగ్ రాశాడు. రాసినాయన ఊరుకోకుండా రెండో కథలో తనే పల్లెటూరి మొద్దు రైతు వేషం కట్టి, ఒంటి నిండా గడ్డి మొలిపించుకున్నాడు. సినిమా ఇంగ్లీషు, చూసేది మా వీధి. అందుకని టీవీ పక్కన నిలబడి తెలుగులో చెప్పే పని నాది.

నాలుగో కథ వచ్చింది. ఒక కాలేజీలో మెట్ల కింద పాత చెక్కపెట్టె. అందులో ఏళ్ల తరబడి మూలుగుతున్న మృగం. ఇంకోవైపు ఒక ప్రొఫెసరు, ఆయన్ని నలుగురిలో నానా మాటలూ అనే భార్య. మందు గ్లాసు దించదు, నోరు మూయదు. ఆవిడ ఒక్క నిమిషంలో అన్న మాటలు నాకు అర్థమయ్యాయి కానీ, ఎదురుగా మేనత్తలు, ఇద్దరు మాస్టార్లు. 'ఆవిడకి కోపం వచ్చింది' అన్నాను. ఇంకో రెండు నిమిషాలు తిట్టింది. 'ఇంకా కోపంగానే ఉంది' అన్నాను.

మా నాయనమ్మ ముందుకు జరిగి, 'ఒరే, అంతసేపు తిడితే రెండు ముక్కల్లో తేలుస్తావేంట్రా? ఆ తిట్లు కూడా చెప్పరా' అంది.

నేను చెప్పలేదు. కథ నడిచింది, మొగుడు ఉపాయంగా పెళ్లాన్ని పెట్టె దగ్గరికి తీసుకొచ్చాడు, మృగం బయటికొచ్చింది. డాబా మీద ఒక్కళ్లు కూడా ఉలిక్కిపడలేదు. 'పాపం, ఎందుకు చంపించాడు?' అని అడిగింది మా అత్త. అడగదూ మరి! ప్రొఫెసరు భార్య ఏమందో వీళ్లకి తెలియదు, మొగుడి కడుపుమంట తెలియదు. ఇక మృగం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసేదెవరు?

నాయనమ్మ క్యాసెట్ వెనక్కి తిప్పించింది. ఈసారి చెప్పాను. చెప్పలేక ఆగిన చోటల్లా ఆవిడే అందించింది. ఇంగ్లీషు తిట్టుకి తెనాలి తిట్టు. జనం పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ నవ్వు ఇంకా ఆగకముందే పెట్టె మూత లేచింది. వాళ్లు పెట్టిన కేకకి కింద వాటాలో వాళ్లు పైకొచ్చారు. చూసిందే మళ్లీ చూస్తున్నారండీ! ఏం వస్తుందో తెలిసి కూడా కేక పెట్టారు.

తర్వాత ఆవిడన్న మాట: 'తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క ఎందుకొస్తారనుకున్నావు? యుద్ధం మధ్యలో వాళ్లొచ్చి నాలుగు మోటు మాటలనకపోతే, తెల్లారేదాకా రావణుణ్ణి చూసి ఎవడు భయపడతాడు?'

ఈ కిటుకు పారిస్‌లో ఒక నాటకశాల 1897 నుంచి 1962 దాకా అమ్ముకుని బతికింది. పేరు గ్రాన్ గిన్యోల్. ఒకప్పటి చిన్న చర్చి, మూడొందల సీట్లు కూడా లేవు. సాయంత్రానికి ఐదారు చిన్న నాటికలు. ఒకదాంట్లో కళ్లు పీకుతారు, తర్వాతదాంట్లో మంచం కింద ప్రియుడు దాక్కుంటాడు, ఆ తర్వాత మళ్లీ రక్తం. వేన్నీళ్లు, చన్నీళ్లు మార్చి మార్చి పోసినట్టు. నవ్వినప్పుడు మనిషి ఒళ్లు వదులు చేస్తాడు. దెబ్బ తగిలేది అప్పుడే. నాట్యశాస్త్రం ఆరో అధ్యాయంలో భరతుడు కూడా శృంగారం నుంచి హాస్యం, బీభత్సం నుంచి భయానకం పుడతాయన్నాడు. ఆ నాలుగూ ఒకే పూట వడ్డిస్తే మనం మాత్రం మొహం చిట్లిస్తాం.

ఇప్పుడు అసలు నా బాధకి వస్తాను. కార్యదర్శి గారు వాచీ చూసుకుంటున్నారు, చూసుకోనివ్వండి.

కొన్నేళ్ల కిందట, ఈ ఊరు కాదు, వేరే చోట, 'చిల్లెరామా' వేయించాను. 2011 సినిమా. నలుగురు దర్శకులు కలిసి తీశారు. మూతబడబోతున్న ఒక డ్రైవ్-ఇన్ థియేటర్లో ఆఖరి రాత్రి ఆట, అదీ దారం. కార్లలో కూర్చుని సినిమా చూసే ఆ థియేటర్లు అమెరికాలో 1933లో మొదలై, 1950ల చివరికి నాలుగు వేల దాకా పెరిగి, తర్వాత ఒక్కొక్కటిగా చాలావరకు పోయాయి. మొదటి కథలో, పిల్లలు పుట్టడానికి ఒకడు డాక్టరిచ్చిన మందు మింగుతాడు. వాడి... కణం ఒకటి పెరిగి పెరిగి న్యూయార్క్ మీద పడుతుంది. చూశారా, నేనే నసిగాను. వీర్యకణం. అన్నాను, పైకప్పు కూలలేదు.

అది తెర మీదికి రాగానే ఒక పెద్దమనిషి లేచి ప్రొజెక్టరుకి అరచెయ్యి అడ్డం పెట్టాడు. తెర నిండా ఐదు వేళ్లు. వేళ్ల సందుల్లోంచి తోక ఆడిస్తూ ఆ రాక్షసి. సినిమాలో ఉన్నదానికంటే అదే ఎక్కువ బూతుగా కనిపించింది! హాలంతా ఘొల్లుమంది. ఆయన బిగుసుకుపోయి, చివరి దాకా అక్కడే నిలబడి, అనుమానం వచ్చినప్పుడల్లా చెయ్యి పెట్టాడు. ఆ సినిమా మొత్తం గొప్పదని అనను. పాటల కథ నాకూ విసుగే. కానీ ఆ రాత్రి నవ్వూ తెగింది, భయమూ తెగింది. మా డాబా మీద మొదటిసారి నేను చేసిందీ అదే పని కాబట్టి, ఆయన మీద నాకు కోపం సగమే.

ఈ చెయ్యి పాతదే. 1954లో అమెరికా సెనేట్ కమిటీ ముందుకి భయానక కామిక్స్ ప్రచురించే విలియమ్ గెయిన్స్ తనంతట తనే సాక్ష్యం చెప్పడానికొస్తే, కమిటీ ఆయనకి గొడ్డలి, తెగిన ఆడతల ఉన్న ముఖచిత్రం చూపించి, ఇది మంచి అభిరుచేనా అని అడిగింది. భయానక కామిక్‌కి అవును, మంచిదే అన్నాడాయన. తల ఇంకాస్త పైకెత్తి మెడ నుంచి కారే రక్తం చూపించి ఉంటే అప్పుడు చెడ్డదయ్యేదన్నాడు. నవ్వకండి, ఆయన సీరియస్‌గానే అన్నాడు. ఆ ఏడాదే ప్రచురణకర్తలు తమకి తామే పెట్టుకున్న 'కామిక్స్ కోడ్' అనే నియమావళి, పుస్తకాల పేర్లలో 'హారర్', 'టెర్రర్' అన్న మాటలే నిషేధించింది. ఆ పుస్తకాలు పోయాయి. అవి చదివి పెరిగిన పిల్లలే పెద్దయ్యాక 'క్రీప్‌షో' తీశారు.

ఇవాళ మీరు చూడబోయేది అదే. నాలుగో కథలో ఆవిడ నోరు తెరిచినప్పుడు నేను ప్రొజెక్టరు పక్కనే నిలబడి తెలుగులో చెప్తాను, నాయనమ్మ అందించినవి అందించినట్టే. కార్యదర్శి గారూ, మైకు మాత్రం ఆపకండి. వెనక ఎవరో పిల్లల్ని తీసుకొచ్చారు, వాళ్లకి ఇప్పుడే ఐస్‌క్రీమ్ ఇప్పించి బయట కూర్చోబెట్టండి. పెద్దలు కూర్చోండి.