టెస్టు నార్మల్, దగ్గు మాత్రం తగ్గట్లేదు

యాంకర్: లైన్లో ఉన్నారు, చెప్పండి.

శ్రోత: నమస్కారం డాక్టర్ గారూ. నాకు 24 ఏళ్లండీ. ఐదేళ్ల నుంచి రోజుకు పది సిగరెట్ల దాకా కాలుస్తున్నా. పొద్దున లేవగానే దగ్గు, కళ్లె. గొట్టంలోకి ఊదించి ఊపిరితిత్తులను చూసే స్పైరోమెట్రీ టెస్టు నార్మల్ అన్నారు. అంటే ఊపిరితిత్తులు బాగున్నట్టే కదండీ?

డాక్టర్: ఆ రిపోర్టు చూసుకుని ధీమాగా ఉండకండి. పొగ ముందు దెబ్బతీసేది ఊపిరితిత్తుల్లో గాలి వెళ్లే 2 మిల్లీమీటర్ల లోపు సన్న గొట్టాలను. అవి వేలల్లో ఉంటాయి కాబట్టి కొన్ని వాచి మూసుకుపోయినా మిగతావాటిలోంచి గాలి వెళ్లిపోతుంది. మొదటి సెకనులో ఊదే గాలి, అదే ఎఫ్‌ఈవీ1, తగ్గినట్టు కనబడదు. హఠాత్తుగా చనిపోయిన యువకుల ఊపిరితిత్తులను పరీక్షించి 1974లో ఒక అధ్యయనం ప్రచురించారు. సగటున పాతికేళ్ల వాళ్లు. పొగతాగినవాళ్ల సన్న గొట్టాల్లో అప్పటికే వాపు, గోధుమరంగు మసి మింగిన కణాల గుంపులు కనిపించాయి.

శ్రోత: దగ్గు పొద్దున్నే ఎందుకొస్తుందండీ?

డాక్టర్: గొట్టాల లోపల సిలియా అని సన్నటి నూగు ఉంటుంది. కళ్లెను గొంతువైపు నెట్టడం దాని పని. పొగకు అది మందగిస్తుంది, పైగా కళ్లె ఊరడం ఎక్కువవుతుంది. నిద్రలో దగ్గు పెద్దగా రాదు కాబట్టి రాత్రంతా పేరుకుంటుంది. మానేశాక కొన్ని వారాలు దగ్గు పెరిగినా భయపడొద్దు, నూగు మళ్లీ పని మొదలుపెట్టిందన్నమాట. చాలామంది సరిగ్గా అక్కడే బెదిరి మళ్లీ ముట్టిస్తారు. రక్తం పడినా, పిల్లికూతలు వచ్చినా, ఆయాసం వచ్చినా మాత్రం ఆగకుండా చూపించుకోండి.

శ్రోత: రోజుకు రెండుకు తగ్గిస్తే చాలదా?

డాక్టర్: తగ్గించినవాళ్లు ఒక్కో దమ్ము గట్టిగా లాగుతారు, పెద్దగా కలిసిరాదు. పూర్తిగా మానండి. లేచాక ఎంతసేపటికి ముట్టిస్తారు?

శ్రోత: పది నిమిషాల్లోపే అండీ.

డాక్టర్: అరగంటలోపే కాబట్టి మీకు సిగరెట్ మానడానికి నమిలే నికోటిన్ గమ్ 4 మిల్లీగ్రాములది సరిపోతుంది. ఆలస్యంగా కాల్చేవాళ్లకైతే 2. బబుల్‌గమ్‌లా నమిలితే నికోటిన్ కడుపులోకి పోయి ఎక్కిళ్లు, వికారం. నోట్లో చురుక్కుమనే వరకు నెమ్మదిగా నమిలి, బుగ్గకీ చిగురుకీ మధ్య పెట్టుకోండి. చురుకు తగ్గాక మళ్లీ నమలండి. అరగంట అలా. వేసుకునే ముందు పావుగంట కాఫీ, కూల్‌డ్రింకు వద్దు, పుల్లటి నోట్లో అది ఒంటికి పట్టదు.