ఫ్రెంచ్ ప్రొఫెసర్ అంటే బోంజూర్ టీచర్ కాదు

ఫ్రెంచ్ సాహిత్యంలో పీహెచ్‌డీ చేస్తున్నామంటే చాలు, మనవాళ్లు అడిగేది ఒక్కటే: "కెనడా పీఆర్‌కి పనికొస్తుందా?" వినీ వినీ విసుగొచ్చి ఈ వీడియో చేస్తున్నా. భాష నేర్పడం ఫ్రెంచ్ ప్రొఫెసర్ ఉద్యోగంలో ఒక ముక్క మాత్రమే. మిగతాది ఏంటో మరీస్ కొండే నవల ఒకటి పట్టుకుని చూద్దాం.

కొండేగారిది గ్వాడెలూప్. కరీబియన్ దీవే, కానీ ఫ్రాన్స్‌లో భాగం. 1986లో ఆవిడ టిటూబా మీద నవల రాశారు. టిటూబా నిజంగా బతికిన మనిషి. 1692లో సేలంలో (తమిళనాడుది కాదు, అమెరికాది) మంత్రగత్తె అంటూ జైల్లో పెట్టిన బానిస. ఆమె వాంగ్మూలం కోర్టు కాగితాల్లో ఉంది. విడుదలయ్యాక ఏమైందో మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు. ఆ ఖాళీలోకే కొండే కల్పన దూరింది.

పరిశోధకులకు పని ఇక్కడే. వాంగ్మూలం, నవల పక్కపక్కన పెట్టుకుని కూర్చోవాలి. ఏం తీసుకున్నారు, ఏం వదిలేశారు? జైల్లో టిటూబాకి హెస్టర్ అనే ఆవిడ తోడవుతుంది. ఎవరీ హెస్టర్? 1850లో నథానియల్ హాథార్న్ రాసిన నవలలో నాయిక! చరిత్రలోని మనిషీ, ఇంకొకరి కల్పనలోని మనిషీ ఒకే గదిలో కబుర్లాడుకుంటున్నారు. ఎందుకలా? నన్నడిగితే ఒక సెమిస్టరంతా ఆ జైలు గదిలోనే గడిపేయొచ్చు.

ఇంకో తగాదా. ఈ నవలని ఏ అరలో పెట్టాలి? "ఫ్రెంచ్" అరలోనా, "ఫ్రాంకోఫోన్" (ఫ్రాన్స్ బయటివాళ్లు ఫ్రెంచ్‌లో రాసినవి) అరలోనా? ఐర్లండ్‌లో పుట్టి ఫ్రెంచ్‌లోనూ రాసిన నాటకకర్త బెకెట్‌ని ఫ్రెంచ్ అరలో పెట్టడానికి ఎవరికీ ఇబ్బంది ఉండదు. పుట్టుకతోనే ఫ్రాన్స్ పౌరురాలైన కొండే దగ్గరకొచ్చేసరికి వేరే అర గుర్తొస్తుంది. నాకిది మింగుడుపడదు. 2007 మార్చిలో 44 మంది రచయితలు ల మోంద్ పత్రికలో ఈ విభజన మీదే విరుచుకుపడ్డారు. కొండే సంతకం కూడా ఉంది.

అన్నట్టు, ఆవిడా ప్రొఫెసరే. పారిస్‌లోని సోర్బాన్‌లో పీహెచ్‌డీ, తర్వాత న్యూయార్క్‌లో కొలంబియా యూనివర్సిటీ. కొండే 2024లో కన్నుమూశారు గానీ, బతికున్న రచయితల మీద పనిచేస్తే ఒక చిక్కుంది: మీ థీసిస్ సగంలో ఉండగా కొత్త నవల వస్తుంది, లేదా ఏదో ఇంటర్వ్యూలో మీ వాదనని ఒక్క మాటతో కొట్టిపారేస్తారు.

టైమ్ అయిపోతోంది, మిగతాది గబగబా. ఫ్రాన్స్‌లో అయితే చాలామంది ముందు అగ్రెగాసియోఁ అనే పోటీ పరీక్ష రాస్తారు. తర్వాత పీహెచ్‌డీ, జాతీయ మండలి నుంచి అర్హత, మేత్ర్ ద కాన్ఫెరాన్స్ (ప్రొఫెసర్ కింది స్థాయి లెక్చరర్) ఉద్యోగం. మామూలుగా ఇంకో భారీ పరిశోధన సమర్పిస్తే గానీ ప్రొఫెసర్ కాలేరు. అమెరికాలో టెన్యూర్ (శాశ్వత ఉద్యోగం) కావాలంటే సాధారణంగా ఒక పుస్తకం అచ్చవ్వాలి. మనకి దగ్గర్లో అంటే హైదరాబాద్ ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) ఉంది.

ఫ్రెంచ్ రాదా? ఇంగ్లిష్‌లో చదవండి. టిటూబా నవలని అనువదించింది కొండే భర్త రిచర్డ్ ఫిల్‌కాక్స్.